ఆర్డిసమ్మ ఊరు వదిలి వెళ్ళిన రోజు

మా పెటిగ్రూలో ఇప్పుడు ఆర్డిస్ టాలెఫ్సన్‌ని ఎరగని వాళ్ళు లేరు. చర్చి వంటగదిలో పెద్ద కాఫీ డేగిసా ఎవరి చేతికింద ఉంటుందో ఆమే ఆర్డిసమ్మ. ఎవరింట బిడ్డ పుట్టినా చిన్న దుప్పటి కుట్టి పంపేది ఆమే. ఇంతగా ఆమె ఈ ఊళ్ళో ఎలా పాతుకుపోయిందని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. ఒకరోజు ఈ ఊరు వదిలి వెళ్ళిపోదామని బయలుదేరింది, అందుకని. నవ్వులాటకు అనడం లేదు, జరిగిందే అది.

ఆమెది ఉత్తరాన మిన్నెసోటాలో డులూత్ అనే రేవు పట్నం. బతుకంతా అక్కడ బడి బస్సు నడిపింది. భర్త ఆర్నె పోయాక, మరుసటి చలికాలం వాకిట్లో మంచు మీద జారి మోకాలు పగలగొట్టుకుంది. మంచం మీద పడుకుని ఉండగా ఆర్నె మాట ఒకటి గుర్తొచ్చింది. ఎప్పుడో ఇద్దరూ సముద్రం చూడటానికి అలబామా మీదుగా పోతూ పెటిగ్రూలో ఒక పూట ఆగారు. వరండాలో ఊయలబల్ల మీద కూర్చున్న ముసలావిడెవరో వాళ్ళని చూసి, ఊళ్ళోవాళ్ళని పలకరించినట్టే చెయ్యి ఊపింది. "ఈ ఊరు బాగుందే ఆర్డిస్" అన్నాడు ఆర్నె. ఆ ఒక్క మాట పట్టుకుని, మోకాలు కట్టు విప్పగానే, పాత బ్యూయిక్ కారులో సామాను వేసుకుని ఆవిడ ఇంత దూరం వచ్చేసింది. "నెల్లాళ్ళు ఉండి చూడు. నచ్చకపోతే వచ్చెయ్. మేడమీద గది నీకోసం అలాగే ఉంచుతాను" అని తమ్ముడు లైల్ చెప్పి పంపాడు.

మేపుల్ వీధి చివర జ్యూయెల్ గారింటి వెనక భాగంలో అద్దెకు దిగింది. వచ్చిన మొదటి వారం ఎవరు కనిపించినా పలకరింపే. తపాలా ఆఫీసులో, బ్యాంకులో, ఆఖరికి ట్రాఫిక్ దీపం దగ్గర ఆగిన పక్క కారులోంచి కూడా. ఆర్డిసమ్మకి కడుపు నిండినట్టుండేది. అలాంటప్పుడు వచ్చిపడింది నెల్డా గారి వ్యవహారం.

కిరాణా కొట్టులో పుచ్చకాయలు తట్టి చూస్తూ ఒకావిడ కలిసింది. పేరు నెల్డా. కాసేపు మాట్లాడుకున్నారు. వెళ్తూ వెళ్తూ నెల్డా గారు, "ఆదివారం మాతో భోజనానికి రామ్మా" అంది. మా ఊళ్ళో ఆ మాట అంటే 'ఇక ఉంటాను' అన్నట్టే లెక్క. దానికి జవాబు "అయ్యో, మీరే రండి మా ఇంటికి". అంతటితో ఎవరి దారిన వాళ్ళు పోవాలి. పాపం ఆర్డిసమ్మకి ఆ సంగతి ఎవరు చెప్పారు? "ఇల్లెక్కడండీ?" అని అడిగింది. నెల్డా గారు కాసేపు నోరు తెరిచి, ఆ తర్వాత చెప్పింది.

ఆదివారం ప్రార్థన కాగానే ఆర్డిసమ్మ ఉతికిన గౌను వేసుకుని, చేత్తో చేసిన బెల్లంపాకపు బిళ్ళలు పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడింది. తలుపు తీసిన నెల్డా గారి నెత్తినిండా జుట్టు ఉంగరాలు తిరగడానికి పెట్టుకున్న చుట్టలు. వెనక సోఫాలో బనీనుతో పడుకున్న ఆమె మొగుడు ఒక్క గంతేసి లోపలి గదిలోకి పారిపోయాడు. ఉన్నదేదో పెట్టారు. ప్రేమగానే పెట్టారు. కానీ తలుపు తీసినప్పటి ఆ మొహం ఆర్డిసమ్మ కళ్ళలోంచి పోలేదు. ఇంటికొచ్చి దుప్పటి ముసుగు పెట్టుకుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆరోజు నుంచి ఎవరు "రండి" అన్నా ఆమెకి గాలి వీచినట్టే వినిపించేది. లైల్‌కి ఫోన్ చేసింది. "వీళ్ళ మాటలు తేనెరా. కానీ తేనె మీద ఇల్లు కట్టుకోలేం కదా. నేను ఎవరి మనిషినీ కాను ఇక్కడ. వచ్చేస్తున్నా" అంది. "రోడ్డు జాగ్రత్త" అన్నాడు లైల్. వాళ్ళింట్లో అంతకన్నా ఎక్కువ మాట్లాడుకోరు.

బయలుదేరిన రోజు సన్నగా వాన. వెనక సీట్లో దుప్పట్లు, బల్లదీపం, గిన్నెల పెట్టె. జ్యూయెల్ గారు వరండా మీద నుంచి, "మళ్ళీ రా తల్లీ" అంది. మళ్ళీ గాలి అనుకుంది ఆర్డిసమ్మ. కారు దీపాలు వెలిగించింది. పగలైనా, ఎండైనా సరే దీపాలు వేసి నడపడం ఆమెకి అలవాటు. డులూత్‌లో సరస్సు మీది పొగమంచు ఎప్పుడు కమ్ముకొస్తుందో చెప్పలేం మరి.

సందు మొగ దగ్గరికి వచ్చేసరికి పెద్ద రోడ్డు మీద కార్లు బారులు తీరి మెల్లగా పోతున్నాయి. ఒక పెద్దమనిషి తన ట్రక్కు ఆపి, కిటికీ దించి, వానలో చెయ్యి బయట పెట్టి, "ముందు మీరు రండమ్మా" అని సైగ చేశాడు. ఆర్డిసమ్మ తల వంచి దండం పెట్టినంత పని చేసి ఆ బారులో కలిసింది.

అక్కడి నుంచి మొదలయింది విడ్డూరం.

ఎదురుగా వచ్చే కారు ఒకటి రోడ్డు పక్కకి జరిగి ఆగిపోయింది. ఇంకొకటి ఆగింది. వెనక పాల బండి ఆగింది. ఎర్రదీపం వచ్చింది కదా అని ఆర్డిసమ్మ బ్రేకు మీద కాలు వెయ్యబోతే, కూడలి మధ్య నిలబడ్డ పోలీసతను పొమ్మని చెయ్యి చూపించి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. పెట్రోలు బంకు దగ్గర ఇద్దరు మనుషులు పైపులు వదిలేసి, టోపీలు తీసి తల వంచుకుని నిలబడ్డారు. గడ్డి కోసే ఆయన మిషను ఆపేశాడు.

ఆర్డిసమ్మ అటూ ఇటూ చూసింది. 'నేను వెళ్ళిపోతున్న సంగతి వీళ్ళకెలా తెలిసింది? జ్యూయెల్ గారు చెప్పి ఉంటుంది' అనుకుంది. కాదులే, ఇంత ఊరు నాకోసం ఆగుతుందా అని కూడా అనుకుంది. అయినా ఆగిన వాళ్ళని పలకరించకుండా పోతే మర్యాద కాదుగా. అందుకని కిటికీ దించి చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. పాల బండి అతనికి ఊపింది. గడ్డి కోసే ఆయనకి నవ్వుతూ ఊపింది. ఆయన బిత్తరపోయి, ఒక చేత్తో టోపీ పట్టుకునే రెండో చెయ్యి కొంచెం పైకెత్తాడు. మంగలి షాపు ముందు నిలబడ్డ ఒకావిడ, "అయ్యో పాపం, దుఃఖం తలకెక్కింది" అని పక్కావిడతో అందట.

ఉత్తరానికి పోయే రహదారి మలుపు వచ్చింది. అక్కడ ఇంకో పోలీసతను. ఆర్డిసమ్మ మలుపు దీపం వేసింది. అతను తల అడ్డంగా ఆడించి, ఎంతో మృదువుగా, ఎదర కారు వెనకే పొమ్మన్నాడు. బతుకంతా బడి బస్సు నడిపిన మనిషి, పోలీసు చెయ్యి దాటుతుందా? రహదారి మూసేసి ఉంటారనుకుని అలాగే పోయింది. పోయి పోయి కారు దేవదారు చెట్ల మధ్య సమాధుల తోటలో ఆగింది. ముందు ఎక్కడో నల్లటి పొడుగు కారు, దాని చుట్టూ పూలు కనిపించాయి. అప్పుడు అర్థమైంది తను ఇంతసేపూ ఎవరి వెనక నడిచిందో, ఎవరికి జరిగిన మర్యాదకి తను చేతులు ఊపిందో. మా వైపు శవయాత్రలో కార్లన్నీ పగలైనా దీపాలు వేసుకునే పోతాయి, ఎదురైనవాళ్ళు ఆగి టోపీ తీస్తారు. స్టీరింగు మీద నుదురు ఆనించి, "ప్రభువా, భూమి తెరిచి నన్ను మింగెయ్యమను" అంది.

భూమి తెరుచుకోలేదు గానీ కారు తలుపు తెరుచుకుంది. గొడుగు పట్టుకుని ఒకాయన వంగి నిలబడ్డాడు. పేరు రాయిస్. పోయినాయన హోయ్ట్ బ్లెడ్‌సోకి పెదనాన్న మనవడు. ఆ వంశంలో ఎవరికి ఎవరు ఏమవుతారో నోటికి చెప్పగల మనిషి.

"అడుగు చూసుకోండమ్మా, బురదగా ఉంది. ఇంటివాళ్ళ కుర్చీలు ముందున్నాయి."

"లేదండీ, నేను..."

"మొహమాట పడకండి. ఇంత దూరం వచ్చి వెనక నిలబడతారా?"

"నిజంగా వద్దండీ."

"మీరు వద్దంటే ఓపలీన్ పిన్ని నన్ను బతకనిస్తుందా?"

ఆర్డిసమ్మ వాళ్ళ దేశంలో ఏదైనా రెండుసార్లు వద్దనడం మర్యాద, మూడోసారి ఒప్పుకోవడం మర్యాద. మా దేశంలో మూడుసార్లు బలవంతపెట్టకపోతే పిలిచినట్టే కాదు. ఆ రెండు మర్యాదలూ ఎదురెదురు వచ్చి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆవిడ వెళ్ళి మొదటి వరసలో, పోయినాయన భార్య ఓపలీన్ గారి పక్కన కూర్చుంది.

రాయిస్ అప్పటికే ఆమె కారు నంబరు పలక మీద రాష్ట్రం పేరు చూశాడు. హోయ్ట్ వాళ్ళ చిన్నాన్న ఒకాయన అన్నదమ్ములతో పోట్లాడి, కార్ల ఫ్యాక్టరీలో పనికని ఉత్తరాదికి పోయి, మళ్ళీ ఇటు మొహం చూపించలేదు. ఇంకేముంది. "చిన్నాన్న కూతురే" అన్నాడు రాయిస్ చెవిలో చెవిలో. "ఆ దవడ చూడు. బ్లెడ్‌సోల దవడ." ఆ మాట వరస చివరిదాకా పాకింది. ఎవరైనా ఒక్కరు "అమ్మా, మీరెవరు?" అని అడిగితే అక్కడికక్కడే తేలిపోయేది. కానీ పెటిగ్రూలో చావింటికొచ్చిన మనిషిని ఆ మాట అడగరు. అడిగితే మేం మిమ్మల్ని మరిచిపోయాం అని చెప్పినట్టే కదా.

పాస్టరు గారు ప్రార్థనలో, "దూరదేశం నుంచి ఈ బంధువును నడిపించుకొచ్చిన దేవా, నీకు స్తోత్రం" అన్నారు. అందరూ "ఆమెన్" అన్నారు. ఏమనాలో తోచక ఆర్డిసమ్మ కూడా "ఆమెన్" అంది. తర్వాత కీర్తన ఎత్తుకున్నారు. ఆ రాగం ఆమెకి తెలుసు. ఆర్నె పోయింది జనవరిలో. పెనుగాలీ మంచూ కలిసి రోడ్లు మూసేస్తే చర్చికి నలుగురే రాగలిగారు. నేల రాయిలా గడ్డకట్టి, మట్టి చెయ్యడానికి కూడా వసంతం దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు రాని ఏడుపు ఇప్పుడు, ముక్కూమొహం తెలియని మనిషి కోసం, ధారలు కట్టింది. ఓపలీన్ గారు తన చేతిరుమాలు తీసి ఆమె చేతిలో పెట్టింది.

ఆ తర్వాత భోజనాలు. చర్చి వెనక హాల్లో బల్లల నిండా గిన్నెలు. వేయించిన కోడి, పంది తొడ మాంసం, వెన్న చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె, అరటిపండు పుడ్డింగు, కూజాల నిండా తియ్యటి టీ. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఆ హాల్లో అడగకుండానే ఆర్డిసమ్మ పళ్ళెంలో కొండ లేచింది. వడ్డించినావిడ కిందికి చూసి, "ఇంత కొంచెమేనా తల్లీ?" అంది. రాయిస్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"హోయ్ట్‌ని ఆఖరిసారి ఎప్పుడు చూశారమ్మా?"

ఆర్డిసమ్మకి అబద్ధం రాదు. "నేనసలు ఆయన్ని ఎప్పుడూ చూడలేదండీ" అంది.

"చూశారా. పెద్దాళ్ళ పోట్లాటలు పిల్లల్ని విడదీస్తాయి." రాయిస్ నిట్టూర్చాడు. "పోనీ, మీ ఇంట్లో ఆయన మాట అనుకునేవారా?"

"మా ఇంట్లో ఆయన పేరే ఎప్పుడూ ఎత్తలేదండీ."

"అంత పగ." రాయిస్ తల ఊపాడు. పక్కాయన కూడా ఊపాడు. "మరి ఇవ్వాళ రావాలని ఎలా అనిపించింది?"

"నేను రావాలనుకోలేదు. ఎవరో చెయ్యి పట్టి లాక్కొచ్చినట్టు వచ్చేశాను."

ఆ మాటకి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "దేవుడి పని" అన్నాడు రాయిస్. ఇంకో కోడి ముక్క ఆమె పళ్ళెంలో పడింది.

ఇంక తట్టుకోలేకపోయింది ఆర్డిసమ్మ. లేచి, కిటికీ దగ్గర కూర్చున్న ఓపలీన్ గారి దగ్గరికి వెళ్ళి, పక్క కుర్చీలో కూర్చుంది.

"అమ్మా, మీరు క్షమించాలి. నేను మీ బంధువుని కాను. నాకు మీ ఆయన తెలీదు. నేను ఊరు వదిలి వెళ్తుంటే పొరపాటున..."

"తెలుసు తల్లీ. టీ తాగు ముందు."

"తెలుసా?"

"మొదటి కారులో ఉన్నానా, నది వంతెన మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. ఎవరో మనిషి కిటికీలోంచి ఊళ్ళో అందరికీ చేతులు ఊపుతోంది, పెళ్ళి ఊరేగింపులో లాగా." ఓపలీన్ గారి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అని ఆర్డిసమ్మ హడలిపోయింది. ఏడుపు కాదు. "మొహం మీది నల్ల ముసుగు కింద నవ్వాపుకోలేక చచ్చాను. మా అబ్బాయి నేను ఏడుస్తున్నాననుకుని వీపు రాశాడు. హోయ్ట్ బతికుంటే ఈ కథ ఏడాదంతా చెప్పుకునేవాడు. నేను మళ్ళీ ఎప్పుడు నవ్వుతానో అనుకున్నాను తల్లీ. చూడు, ఈ రోజే నవ్వించి పంపాడు దేవుడు."

ఆర్డిసమ్మ టీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది.

"నీ కారులో సామానుందట, రాయిస్ చెప్పాడు. ఎందుకు వెళ్ళిపోతున్నావు?"

కూర్చున్నచోటే, నెమ్మదిగా, ఆర్డిసమ్మ నెల్డా గారి సంగతంతా చెప్పేసింది. జుట్టు చుట్టలతో సహా. "ఇక్కడ అందరూ రమ్మంటారు. కానీ రావాలని కాదు. నేను దాన్ని పట్టుకుని వెళ్ళిపోయి ఆవిడ్ని ఇబ్బంది పెట్టాను. ఇంక ఏ మాట నమ్మాలో తెలీక..."

"అయితే ఆ మనిషివి నువ్వా?" ఓపలీన్ గారు గట్టిగానే అంది. నలుగురు ఇటు తిరిగారు. "ఇన్నేళ్ళలో పిలిస్తే నిజంగా వచ్చిన మనిషి ఒక్కతే అని నెల్డా ఊరంతా చెప్పుకుంటోంది. ఆ రోజు ఇల్లు చూసుకుని సిగ్గుపడిందట. అప్పటి నుంచీ ప్రతి ఆదివారం ఇల్లు తుడిచి, జుట్టు దువ్వుకుని, ఒక కోడి ఎక్కువ వేయించి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటోంది. వాళ్ళాయన చొక్కా విప్పుదామంటే ఊరుకోవడం లేదట, పాపం ఉక్కపోత."

"నాకోసమా?"

"నీకోసం కాక ఎవరికోసం? రమ్మనడం అబద్ధం కాదు తల్లీ. తలుపు గడియ వెయ్యకుండా ఉంచడం లాంటిది. తోసేవాళ్ళు తక్కువ, అంతే. నువ్వు తోశావు."

అక్కడితో ఆర్డిసమ్మ మనసు సగం మెత్తబడింది. కానీ లైల్‌కి మాట ఇచ్చింది, గది సిద్ధంగా ఉంది, సామాను కారులో ఉంది. వెళ్తానని లేచింది. ఓపలీన్ గారు ఆపలేదు. వంటగది వైపు ఒక సైగ చేసింది. వచ్చేటప్పుడు ఆర్డిసమ్మ చేతిలో వెచ్చటి గాజు గిన్నె ఒకటి పెట్టారు, పైన అల్యూమినియం కాగితం కప్పి. "దారిలో తిను" అన్నారు. కారులో పెట్టుకుంటూ అడుగు చూసింది. తెల్లపట్టీ అంటించి, దాని మీద సిరాతో 'ఓపలీన్ బ్లెడ్‌సో' అని రాసి ఉంది.

కాగితం పళ్ళెం ఇచ్చి ఉంటే ఆర్డిసమ్మ ఆ సాయంత్రానికి టెనెసీ రాష్ట్రం దాటి ఉండేది. పేరు రాసి ఉన్న గిన్నెతో ఎక్కడికి పోతుంది? పరాయి సొమ్ము గుండుసూదైనా ఇంట్లో ఉంచుకోని వంశం వాళ్ళది. తిన్నగా జ్యూయెల్ గారింటికి తిరిగొచ్చింది. జ్యూయెల్ గారు ఇంకా వరండాలోనే ఉంది.

"మళ్ళీ రా అన్నాను గానీ, ఇంత తొందరగానా తల్లీ?" అంది. ఆమె మొహంలో మాత్రం దీపం వెలిగింది.

"ఈ గిన్నె ఇచ్చేసి పోతాను. రేపు కడిగి..."

"ఖాళీగానా?"

"కడిగేనండీ."

"ఖాళీ గిన్నె తిరిగివ్వడమంటే మీ గుమ్మం మళ్ళీ తొక్కను అని చెప్పడం. నీ ఇష్టం మరి."

దాంతో గిన్నెల పెట్టె దిగింది. పెట్టె దిగితే పొయ్యి కావాలి గనుక గది తాళం తీశారు. మూట అడుగున డులూత్ నుంచి తెచ్చుకున్న నల్లటి అడవి బియ్యం ఉంది. దాన్ని పుట్టగొడుగులతో, మీగడతో కలిపి ఓవెన్‌లో పెట్టింది. మర్నాడు తీసుకెళితే ఓపలీన్ గారు రుచి చూసి, "ఈ నల్లటివి ఏమిటో గానీ, ఇంకాస్త పెట్టు" అంది. వెళ్ళేటప్పుడు అదే గిన్నెలో పీచ్ పండ్ల తీపి రొట్టె పెట్టి పంపింది. ఇక ఆ గిన్నె ఎవరింట్లోనూ కుదురుగా కూర్చోలేదు. మధ్యలో ఆదివారం వచ్చింది. ఆర్డిసమ్మ నెల్డా గారి తలుపు తట్టింది. ఆవిడ తలుపు తీసి, లోపలికి కేకేసింది, "ఏవండీ, వచ్చిందండీ. ఇంక చొక్కా విప్పుకోండి."

లైల్ ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు, ఎప్పుడు బయలుదేరుతున్నావని. "గిన్నె ఒకటి ఇవ్వాల్సి ఉందిరా" అనేది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. అక్కకి మతి పోయిందేమోనని భయపడి, ఆ ఏడు మంచు పడకముందే తనే కారేసుకుని తీసుకుపోవడానికి వచ్చాడు.

అతను వచ్చిన రోజు బ్లెడ్‌సోల వంశమంతా చెట్ల కింద బల్లలు వేసుకుని కలుసుకునే రోజు. ఆర్డిసమ్మ కాఫీ పోస్తోంది. కాదని ఎన్నిసార్లు చెప్పినా రాయిస్ ఒప్పుకోలేదు కనుక, ఆ రోజు తీసే వంశం ఫోటోలో ఆమెది చిన్నాన్న వైపు చోటు. లైల్ కారు దిగి, టోపీ చేతిలో పట్టుకుని, ఎటు పోవాలో తెలియక గట్టు మీద నిలబడ్డాడు. రాయిస్ చూశాడు. పళ్ళెం పక్కన పెట్టి, మెల్లగా లేచాడు.

"ఓపలీన్ పిన్నీ, ఇటు చూడు" అన్నాడు. "నేను చెప్పలేదూ. అదే దవడ."

లైల్‌ని చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. అతను రెండుసార్లు వద్దన్నాడు. వారం పోయాక ఒక్కడే డులూత్‌కి బయలుదేరాడు. పక్క సీట్లో, దుప్పటి చుట్టి, వెచ్చటి గిన్నె ఒకటి పెట్టారు. సగం దారిలో ఎక్కడో ఆగి, తిని, కడుగుదామని దాన్ని బోర్లా తిప్పితే అడుగున తెల్లపట్టీ కనిపించిందట.

ఆ రాత్రే అక్కకి ఫోన్ చేశాడు. "ఆర్డిస్, ఈ నెల్డా ఎవరు?" అన్నాడు.